స్టీలా, సిల్వరా? కిలో ధర చెప్పని లెక్కలు

ఆదోని, ఎమ్మిగనూరు: గుప్పెడు పత్తి తీసి, వేళ్ళ మధ్య పింజ సాగదీసి పొడవు చెప్పగల వర్తకులకు ఆదోనిలో కొదవ లేదు. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత, 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ ఆ సరుకును ముట్టదు అన్న నిబంధన యార్డులో ప్రతి కమీషన్ ఏజెంటుకూ కంఠస్థం. కాని అదే పత్తి అమ్మిన పైకంతో పెళ్ళి సామాన్లు కొనడానికి కూర్చున్నచోట లోహానికి పింజ చూసేవారు అరుదు. మెరుపు చూస్తారు, తూకం వేయిస్తారు, మరీ పట్టుదల గలవారు జేబులోంచి ఒక అయస్కాంతం ముక్క తీస్తారు. బేరం అక్కడితో ముగుస్తుంది.

పత్తి, వేరుశనగ డబ్బు చేతిలో పడే రోజులు, పుష్య మాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, ఆ వెంటనే మాఘమాసపు పెళ్ళిళ్ళు. పడమటి కర్నూలులో సామాన్ల అంగళ్ళకు ఇది ఏడాది బతుకు తేల్చే కాలం. ఈ కాలానికి వర్తకుడు ముందుగానే డబ్బు పెట్టి సరుకు దింపుకోవాలి. స్టీలు ఎంత, సిల్వరు ఎంత, ఏ రకం, ఏ గేజి అన్న నిర్ణయంలో తప్పు జరిగితే సరుకు బీరువాలో మిగలడమే కాదు, అమ్మిన సరుకే తిరిగి అంగడి మెట్లెక్కుతుంది.

మొదట పేరు సంగతి. అల్యూమినియం అన్న మాట ఇక్కడ బిల్లు పుస్తకానికే పరిమితం. గిరాకీ సిల్వరు అని అడుగుతుంది, పెద్దవాళ్ళు సత్తు అంటారు. వెండికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, ఉన్నదల్లా రంగే. ఆదోని ప్రాంతం 1953 దాకా బళ్ళారి జిల్లాలో, మద్రాసు ఏలుబడిలో ఉండేది. అదే మద్రాసులో 1898లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని మొదలుపెట్టించాడు. కొన్నేళ్ళకు ఆ పని ఒక ప్రయివేటు కంపెనీ చేతికి పోయింది. ఇత్తడి, రాగి పాత్రలకు ఏటా కళాయి పూయించాలి, పులుపు తగిలితే చిలుము పడుతుంది. సిల్వరుకు ఆ బాధ లేదు, పైగా తేలిక. ఇళ్ళలోకి అది చొచ్చుకొని పోవడానికి ఈ రెండు గుణాలే చాలినవి.

తుప్పు పట్టని ఉక్కును ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 1913లో తయారు చేశాడు. మన దేశంలో సేలం స్టీలు కర్మాగారం 1981-82లో ఉత్పత్తి మొదలుపెట్టిన తర్వాత, ఢిల్లీ వజీర్‌పూర్ వంటి చోట్ల పట్టీలు సాగదీసే చిన్న మిల్లులు పెరిగిన తర్వాత స్టీలు సామాను సామాన్యుడి గూట్లోకి చేరింది. ఈ మార్పును గల్లాపెట్టె కూడా చూసింది. 1964 నుంచి వచ్చిన తేలికపాటి మూడు పైసల బిళ్ళ అల్యూమినియంది, 1988 నుంచి వచ్చిన పావలా స్టీలుది. రెండూ 2011లో చెల్లకుండా పోయినవి, అది వేరే కథ.

కిలో ధరలోని మాయ

స్టీలు కిలో ఇంత, సిల్వరు కిలో ఇంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఏది చవక అని అడిగితే, ఆ ప్రశ్నలోనే పొరపాటున్నది. స్టెయిన్‌లెస్ స్టీలు ఘనపు సెంటీమీటరుకు 7.9 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. కిలో స్టీలు ఇచ్చే లోహం కంటే కిలో సిల్వరు ఇచ్చే లోహం దాదాపు మూడు రెట్లు.

లెక్క చూద్దాం. గిన్నె చేయడానికి ముందు రేకు నుంచి గుండ్రటి బిళ్ళ కోస్తారు, వర్తకంలో దాన్ని సర్కిల్ అంటారు. 40 సెంటీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం గల సర్కిల్ స్టీలుదైతే కిలోకు ఏడు గ్రాములు తక్కువ. అదే కొలత అల్యూమినియందైతే 340 గ్రాములు. సిల్వరు మెత్తన కాబట్టి అంత పలుచగా చేయరు. ఒకటిన్నర మిల్లీమీటరు మందం వేస్తే 510 గ్రాములవుతుంది. ఇప్పుడు స్టీలు కిలో నూరు రూపాయలని, సిల్వరు దానికి ఒకటిన్నర రెట్లని ఊరికే అనుకొంటే, స్టీలు సర్కిల్ 99 రూపాయలు, సిల్వరు సర్కిల్ 76 రూపాయలు. కిలో ధరలో ప్రియమైన లోహం పాత్ర ధరలో చవక అయినది. ధారణ మారినప్పుడల్లా ఈ నాలుగు అంకెలూ మళ్ళీ వేసుకొనవలసిందే, నోటిలెక్కతో కుదరదు.

ఒకటిన్నర మిల్లీమీటరు అన్న మాట గాలిలోంచి వచ్చింది కాదు. వంగకుండా నిలిచే బిగువు స్టీలుకు అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లున్నది. అయితే రేకు మందం కాస్త పెంచితే బిగువు చాలా ఎక్కువగా పెరుగుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు. అందువల్ల ఒక మిల్లీమీటరు స్టీలుకు ఉన్న బిగువు 1.4 మిల్లీమీటర్ల సిల్వరుకు వస్తుంది, తూకం మాత్రం సగమే ఉంటుంది. పెద్ద డేగిసాలు, అన్నం వార్చే గంగాళాలు సిల్వరులోనే ఎందుకు ఎక్కువ నడుస్తాయో ఇక్కడే తెలుస్తుంది. ఇద్దరు మనుషులు ఎత్తి దించగలగాలి మరి.

సొట్ట మాట వేరు. అది బిగువును బట్టి కాదు, బలాన్ని బట్టి ఉంటుంది. 304 రకం స్టీలు తెగడానికి చదరపు మిల్లీమీటరుకు 52 కిలోల లాగుడైనా కావాలి. మెత్తని శుద్ధ అల్యూమినియం 9 కిలోలకే తెగుతుంది. ఒక శాతం పైచిలుకు మాంగనీసు కలిపి, రేకును సాగదీసి గట్టిపరిస్తే 15 కిలోల దాకా పోతుంది. మెగ్నీషియం, సిలికాన్ కలిపి వేడితో పదును పెట్టిన మిశ్రమం 31 కిలోలు మోస్తుంది. కిలోకు కిలో చూస్తే అది స్టీలును దాటిపోయినట్లే. నిచ్చెనలకూ బస్సుల పైకట్టుకూ అలాంటి మిశ్రమాలే వాడతారు. కాని వంటపాత్రలకు వచ్చేది మొదటి రెండు రకాలే. కాబట్టి అల్యూమినియం విమానాలకు వాడతారు గదా అని చెప్పి సిల్వరు చెంబు అమ్మడం న్యాయం కాదు.

గేజిలో పోయే అయిదో వంతు

స్టీలు సామాన్లలో గేజి అంకె పెరిగితే రేకు పలుచన. 22 గేజి అంటే 0.71 మిల్లీమీటరు, 24 గేజి అంటే 0.56, 26 గేజి అంటే 0.46. ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగుకు దిగితే అయిదో వంతు లోహం మాయమైనట్లే. చూపుకు ఏమీ తెలియదు. అంచు లోపలికి చుట్టి ఉంటుంది గనుక వేలితో తడిమితే మందంగానే అనిపిస్తుంది. అంచు పట్టుకొని కాదు, అడుగున రెండు బొటనవేళ్ళు పెట్టి నొక్కి చూడాలి. తూకంమీద అమ్మేవాడికి ఇందులో నష్టం లేదు. ఉక్కడి ధరకు అమ్మేవాడు, అందునా జాతరలో గుట్టపోసి ఏది తీసుకున్నా ఒకటే ధర అని అరిచేవాడు ఎక్కడ లాభం తీస్తున్నాడో గేజి కొలిచే చిన్న పనిముట్టు ఉంటే తెలిసిపోతుంది.

వేడి సంగతిలో సిల్వరుదే పైచేయి. వేడిని పాకించే గుణం అల్యూమినియానికి స్టీలుకంటే పది రెట్లకు పైగా ఉన్నది. పొయ్యి మంట ఒకచోట తగిలితే సిల్వరు అడుగంతా పంచుకుంటుంది, స్టీలులో ఆ ఒక్కచోటే కాలుతుంది. పాలు మాడేది, సంకటి అడుగంటేది అందుకే. గట్టిగా తెడ్డు వేసి గెలికే సంకటికి పడమటి పల్లెల్లో మందపాటి సిల్వరు గిన్నె ఇంకా పోటీకి నిలుస్తున్నది. అయితే సిల్వరైతే గ్యాసు సగం ఆదా అని చెప్పే మాటలో పస తక్కువ. కాగవలసింది నీళ్ళు. రేకు మిల్లీమీటరు మందంలో ఉన్నప్పుడు వేడి దాన్ని దాటడానికి ఏ లోహమైనా పెద్ద అడ్డు కాదు. తేడా వేడి సమంగా పరచుకోవడంలోనే. రెండు గుణాలూ కావాలనే స్టీలు అడుగున అల్యూమినియం బిళ్ళ అతికిన పాత్రలు వచ్చినవి. ఇంకొక జాగ్రత్త: అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది, స్టీలుకు 1,400 డిగ్రీలు కావాలి. ఖాళీ సిల్వరు గిన్నెను పొయ్యిమీద మరచిపోతే గిన్నె మిగలదు.

అయస్కాంతం చెప్పే అబద్ధం

వర్తకుడికి అసలు ప్రమాదం స్టీలు రకంలో ఉన్నది. స్టెయిన్‌లెస్ అన్నది ఒక లోహం పేరు కాదు, ఒక వంశం పేరు. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే పైన కంటికి కనబడని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఆ పైన ఏమి కలిపారన్నదే రకాన్ని, ధరను తేలుస్తుంది. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం మొదలు. 202లో నికెల్ 4 నుంచి 6 శాతమే, మిగతా లోటు మాంగనీసుతో పూడుస్తారు. జె4 అని పేరుబడిన రకంలో నికెల్ ఒక శాతం దగ్గర, క్రోమియం కూడా 15, 16 శాతానికి దిగుతుంది, మాంగనీసు మాత్రం 9 శాతం చుట్టూ. 430లో నికెల్ అసలుండదు.

ఇక అయస్కాంతం. అది 430కి టక్కున అంటుకుంటుంది. 304కు అంటదు, 202కు అంటదు, జె4కూ అంటదు. అంటే ప్రియమైన సరుకునూ చవక సరుకునూ అది విడదీయలేదు. పైగా 304 రేకును అచ్చులో లోతుగా లాగినప్పుడు మూలల్లో లోహం గుణం మారి అయస్కాంతాన్ని కొద్దిగా లాగుతుంది. "ఏం శెట్టీ, అంటుకుంటోందే, ఇది కల్తీ స్టీలు గదా!" అని మంచి గిన్నెను వెనక్కి నెట్టి, అంటుకోని జె4 గిన్నెను 304 అనుకొని తీసుకొనిపోయే గిరాకీని చూసి వర్తకులు నవ్వుకోవచ్చు. కాని వర్తకుడు హోల్‌సేల్ కొట్టులో చేసేదీ ఇదే పరీక్ష అయితే నవ్వవలసింది ఎవరిని?

మాంగనీసు ఎక్కువున్న రకాన్ని పట్టడానికి చుక్క మందు దొరుకుతుంది. చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే 200 వరుస స్టీలుపై ఎర్రరంగు తిరుగుతుంది. తుక్కు వర్తకులకు ఇది కొత్త కాదు, సామాన్ల అంగళ్ళవారు నేర్చుకోవలసిన పని.

జె4 పనికిరాని లోహమని అర్థం కాదు. పళ్ళేలకు, లోటాలకు, పొడి సరుకులు పోసుకునే డబ్బాలకు అది చాలు, అందరూ 304 కొనలేరు కూడా. చిక్కు వచ్చేది ఉప్పుతో. ఊరగాయ, మజ్జిగ, ఉప్పునీటి బోరు నీళ్ళు రోజుల తరబడి నిలిస్తే అతుకుల దగ్గర, పిడి తాపడం చేసినచోట ఎర్రమచ్చలు మొలుస్తాయి. ఇంకొక చిక్కు మరీ విచిత్రం. నికెల్ తక్కువైన రకాన్ని లోతైన బిందెగానో డబ్బాగానో లాగితే, లోపల నిలిచిన ఒత్తిడివల్ల కొన్నాళ్ళ తర్వాత ఎవరూ తాకకుండానే అంచు నుంచి కిందికి నిలువుగా పగలవచ్చును. ఎవరో కింద పడేశారని పనివాడిమీద కేకలు వేసే ముందు సరుకు రకం ఏదో చూడటం మంచిది. లోతైన సామానుకు తయారీదారు ఏ రకం వాడాడో రాయించుకోవడం అంతకంటే మంచిది.

సిల్వరులోనూ చెడ్డ రకం లేకపోలేదు. రేకుతో నొక్కిన పాత్ర లోహం దాదాపు శుద్ధమైనది. తుక్కు కరిగించి పోత పోసిన మూకుళ్ళలో ఏ ఇంజను ముక్క కలిసిందో, ఏ సీసం చేరిందో చెప్పలేము. కామెరూన్ దేశంలో అలా పోసిన వంటపాత్రల నుంచి సీసం బయటికి వస్తున్నట్లు 2014లో ప్రకటితమైన పరిశోధన చూపింది.

ఎమ్మిగనూరు రంగుతొట్టి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోతే ఈ తగవుకు వంటింట్లో కంటే గట్టి సాక్ష్యం రంగుల పనిలో దొరుకుతుంది. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘంతో పేరుకెక్కిన ఊరు ఇది. నూలుకు పక్కారంగు అద్దే వ్యాట్ పద్ధతిలో రంగును కరిగించడానికి కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైటు వాడతారు. ఆ కాస్టిక్ నీళ్ళు అల్యూమినియంలో పోస్తే బుసబుస పొంగి లోహాన్ని తినేస్తాయి, మండే హైడ్రోజన్ వాయువు లేస్తుంది. చవకగా వస్తున్నదని రంగుపనికి సిల్వరు గంగాళం అమ్మిన వర్తకుడు తొట్టినీ, నూలునూ, ఖాతానూ కలిపి పోగొట్టుకున్నట్లే. ఆదోని వైపు పత్తిగింజల నూనెను శుద్ధి చేసేచోట కూడా కాస్టిక్కే వాడతారు కనుక అక్కడా ఇదే సూత్రం. వంటింట్లో దీని చిన్న రూపం చాకలిసోడా, బూడిదతో తోమడం. తోమిన కొద్దీ సిల్వరు నల్లబడుతుంది, పలుచబడుతుంది. చింతపండు పులుసు వండవచ్చు గాని రాత్రంతా అందులో ఉంచరాదు.

మరి స్టీలు తొట్టి నిశ్చింతేనా అంటే అదీ కాదు. కాస్టిక్‌కు 304 చక్కగా తట్టుకొంటుంది. కాని రియాక్టివ్ రంగుల్లో మామూలు ఉప్పు బాగా పోస్తారు. తెల్లచేసే బ్లీచింగు ద్రవంలో క్లోరిన్ ఉంటుంది. ఈ రెండూ స్టీలు పైపొరను సూదిపోట్లలాగా పొడిచి చిల్లులు వేస్తాయి. అలాంటి పనికి రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం అడగాలి. జె4 రేకుతో తొట్టి కట్టించుకున్న వారికి చవకదనం ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పనక్కరలేదు. రంగుపనివారు వచ్చి స్టీలు తొట్టి అంటే, ఎంత సైజు అని కాదు, ఏమి పోస్తారు అని మొదట అడిగే అంగడి వారి ఖాతాను నిలుపుకొంటుంది.

నికెల్ ఆట, తుక్కు బేరం

ధరల విషయానికి వస్తే రెండు లోహాలకు రెండు గుండెలు. అల్యూమినియం ధర కరెంటును బట్టి, లండన్ మెటల్ ఎక్స్చేంజి ధారణను బట్టి నడుస్తుంది. స్టీలులో గుండె నికెల్. 304 రకం టన్నులో 80 కిలోల నికెల్ ఉన్నది. నికెల్ టన్నుకు వెయ్యి డాలర్లు పెరిగితే 304 ముడిసరుకు టన్నుకు 80 డాలర్లు పెరుగుతుంది, జె4 పది డాలర్లే. 2022 మార్చి 8న లండన్‌లో నికెల్ లక్ష డాలర్లు దాటి, ఆనాటి వ్యాపారాన్నే రద్దు చేసి, బజారును వారం రోజులు మూసిన సంగతి పెద్ద స్టాకిస్టులు మరచి ఉండరు. అలాంటి తేజీలో చేతిలో 304 ఉన్నవాడు రాజు, ఆర్డరు తీసుకొని సరుకు లేనివాడు బికారి. ప్రపంచపు నికెల్‌లో సగానికి పైగా ఇండోనేషియా ఒక్కచోటనే తీస్తున్నందున ఆ దేశపు ఉత్తర్వు ఒక్కటి ఇక్కడి గిన్నె ధరను కదిలించగలదు. 2020 జనవరిలో ముడి ఖనిజం ఎగుమతిని అది ఆపివేసింది.

పాత సామాను మార్పిడి ఈ వర్తకంలో సగం ప్రాణం. తుక్కును తిరిగి కరిగించడానికి కొత్త అల్యూమినియం తీయడానికయ్యే కరెంటులో అయిదు శాతమే చాలు కనుక పాత సిల్వరుకు ఎప్పుడూ గిరాకి ఉన్నది. స్టీలు తుక్కులో మాత్రం 304నూ జె4నూ ఒకే గోనెలో వేస్తే మొత్తానికి జె4 ధరే కడతారు. వేరు చేసి పెట్టడం ఒక పూట పని, లాభం మాత్రం చిన్నది కాదు. పన్ను సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్టరు కాని తుక్కు వ్యాపారి దగ్గర రిజిస్టరైన వర్తకుడు లోహపు తుక్కు కొంటే 18 శాతం జి.ఎస్.టి. కొన్నవాడే కట్టాలి. కొత్త వంటసామాను మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. స్టీలుకూ సిల్వరుకూ ఒకటే కాబట్టి ఏది దింపాలన్న నిర్ణయాన్ని అది మార్చదు.

నిర్ణయాన్ని మార్చగలిగినది ముద్ర. ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 ఫిబ్రవరి నుంచే తప్పనిసరి. వంటసామానుకు కూడా అది కావాలని కేంద్ర పరిశ్రమల శాఖ 2024 మార్చి 14న ఉత్తర్వు వెలువరించింది. స్టీలు సామానుకు ఐ.ఎస్. 14756, అల్యూమినియం సామానుకు ఐ.ఎస్. 1660. గడువు తేదీలు తయారీదారు స్థాయిని బట్టి మారుతాయి గనుక ఆర్డరు పెట్టే ముందు ఆ కంపెనీకి లైసెన్సు ఉన్నదా, దాని నంబరు సామాను మీద అచ్చు పడుతున్నదా అని అడిగి రాయించుకొనడం వర్తకుడి పని. 2020 జులైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు లోపానికి తయారు చేసినవాడే కాక కొన్ని సందర్భాల్లో అమ్మినవాడూ జవాబు చెప్పాలి. హోల్‌సేల్ బిల్లులో ఎస్.ఎస్. సామాను అని మాత్రమే ఉండి, అంగడివాడు తన బిల్లులో 304 అని రాసి ఇస్తే, ఎర్రమచ్చ పడిన రోజున ఆ అంకెకు సాక్ష్యం అతని చేతిరాత ఒక్కటే.